ట్యాగ్ చదివింది, గేటు లేవలే: ఆర్‌ఎఫ్‌ఐడి ఎక్కడ పనిచేస్తది, ఎక్కడ ఆగిపోతది

పోయిన వానాకాలం ఒక రాష్ట్ర రహదారి మీద టోల్ కాడ ఆగిపోయినం. బయల్దేరినంక ఫాస్టాగ్‌ల పైసల్లేవని యాదికొచ్చి, దార్ల చాయ్ తాగెటప్పుడు ఫోన్ నుంచే రీఛార్జ్ చేసిన, మెసేజ్ కూడా వచ్చింది, ఇగ ఫికర్ లేదనుకున్న. గేటు కాడికి పోతే ఎర్ర లైటు. అక్కడి పిలగాడు చేతిల రీడర్ పట్టుకొని వచ్చి అద్దం మీద పెట్టిండు, బీప్ అన్నది, అంటే ట్యాగ్ చదివింది. వాళ్ల తెర మీద చూస్తే మాత్రం బ్లాక్‌లిస్ట్, అంటే ఆపేసిన ట్యాగుల జాబితాల ఉంది. వెనక నాలుగు బండ్లు హారన్ మీద హారన్. "అన్నా, మీ ట్యాగ్ ఖరాబైంది, కొత్తది తీస్కోండ్రి" అన్నడు. పక్క సీట్ల మా బాపు "పైసలు కట్టినంక గూడ గిదేంది బిడ్డా" అని ఒకటే అడుగుడు. నేను నా ఫోన్ చూపించిన, ఆ పిలగాడు తన తెర చూపించిండు, ఇద్దరం అబద్ధం చెప్తలేం. ఆఖరికి డబుల్ కట్టి పోయినం.

ఇద్దరి మాట ఒకేసారి నిజం ఎట్ల అయితది? నేను పదేండ్ల సంది సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్న, ఇప్పుడు హన్మకొండల ఇంట్ల కూసొని అదే పని చేస్తున్న, ఈ ప్రశ్న నన్ను వదుల్తలేదు. ఎందుకంటే టోల్ కాడనే కాదు, కాలేజీ లైబ్రరీల, బడి ఐడీ కార్డుల, బట్టల దుకాణాల, ఫాస్టాగ్‌ల ఉండే ఈ ఆర్‌ఎఫ్‌ఐడి ఎక్కడ పెట్టినా తకరారు ఇక్కడనే మొదలైతది, జనం మాత్రం ట్యాగ్‌నే తిడ్తరు. అందుకే మొదటి నుంచి ఒక్కొక్కటి విప్పి చెప్త.

## ట్యాగ్ లోపల ఏముంటది, బ్యాటరీ లేకుంట ఎట్ల మాట్లాడ్తది

ఆర్‌ఎఫ్‌ఐడి అంటే రేడియో తరంగాలతోని వస్తువును గుర్తుపట్టుడు, అంతే. ఫాస్టాగ్ స్టిక్కర్ల సన్నటి రేకు తీగ అల్లిక ఒకటి ఉంటది, అది యాంటెన్నా. దాని నడుమ ఆవగింజ కన్నా చిన్న చిప్. బ్యాటరీ ఉండదు.

చిన్నప్పుడు బడి కాడ అద్దం ముక్కతోని ఎండను ఎదురింటి గోడ మీద కొట్టెటోళ్లం కద. వెలుగు మనది కాదు, సూర్యుంది. అద్దం జర తిప్పితే గోడ మీది మరక మాయమైతది, మళ్ల తిప్పితే వస్తది, అట్ల సైగలు చేసుకునెటోళ్లం. ట్యాగ్ చేసేది అచ్చం ఇదే. రీడర్ రేడియో తరంగాలు వదుల్తది, ఆ తరంగాల్లకెల్లి దొరికిన రవ్వంత కరెంటుతోని చిప్ మేల్కొంటది, మేల్కొని తన యాంటెన్నాను ఒకసారి ఎక్కువ తిప్పికొట్టేటట్టు, ఒకసారి తక్కువ తిప్పికొట్టేటట్టు మార్చుకుంట తన నంబర్ చెప్తది. రీడర్ ఆ తిరిగొచ్చిన తరంగాన్ని చదువుకుంటది. ఎదుటోడి తరంగాన్ని తిప్పికొట్టి మాట పంపొచ్చని హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీర్ 1948లనే పేపర్ రాసిండు, కానీ అగ్గువకు చిప్పులు రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

ఈ ట్యాగులల్ల మూడు జాతులు ఉన్నయ్. హాస్టల్ తలుపు కాడ ఆనించే కార్డు శానవరకు 125 కిలోహెర్ట్జ్, రెండు మూడు ఇంచుల దూరం చాలు దానికి. మెట్రో కార్డు, బ్యాంకు ట్యాప్ కార్డు, లైబ్రరీ పుస్తకాల ట్యాగులు 13.56 మెగాహెర్ట్జ్. ఫాస్టాగ్, గోదాముల వాడే ట్యాగులు మన దేశంల 865 నుంచి 867 మెగాహెర్ట్జ్, ఈ బ్యాండ్‌ను 2005ల లైసెన్స్ లేకుంట వాడుకోనిచ్చిన్రు, కొన్ని మీటర్ల దూరంకెల్లి చదువుతయ్. ఈ చివరి జాతికి ఇద్దరు పగోళ్లు, నీళ్లు, ఇనుము. నీళ్లు తరంగాన్ని తాగేస్తయ్, ఇనుము ఎగరగొడ్తది. కొన్ని కార్ల ముందటి అద్దంల లోహపు పూత ఉంటది, అసొంటి బండ్లకు అద్దం మధ్యల, వెనక చూసే అద్దం దగ్గర పూత లేని జాగ విడిచిపెడ్తరు, ట్యాగ్ అక్కడనే అతికియ్యాలె.

ఇంకో మాట, ఆవు చెవికి ఏసే పసుపు పచ్చ బిళ్ల చూసి చానామంది ఇదీ ఆర్‌ఎఫ్‌ఐడే అనుకుంటరు. కాదు, దాని మీద 12 అంకెల నంబరు, బార్‌కోడ్ మాత్రమే ఉంటయ్. బార్‌కోడ్, క్యూఆర్ కంటికి కనపడాలె, ఒక్కొక్కటి చూపించాలె. ఆర్‌ఎఫ్‌ఐడికి కనపడాల్సిన పని లేదు, ఒకేసారి మస్తు చదువొచ్చు, ఉన్న లాభం ఈ రెండే.

## అందరు ఒకేసారి మాట్లాడితే ఎట్ల

ఒకేసారి మస్తు చదువుతది అన్న కద, అదెట్లనో చూస్తే మొత్తం యవ్వారం అర్థమైతది. రీడర్ "ఎవరున్నరు" అని అడిగితే వంద ట్యాగులు ఒక్కసారే పలికితే ఏదీ ఇనబడదు. అందుకని రీడర్ "ఇన్ని వంతులున్నయ్, మీకు తోచిన అంకె ఎంచుకోండి, మీ వంతు వచ్చినప్పుడే పలకండి" అని చెప్తది. హవాయి యూనివర్సిటీల 1971ల మొదలైన అలోహా అనే రేడియో నెట్‌వర్క్‌కెల్లి వచ్చిన ఆలోచన ఇది.

లెక్క చూద్దాం. 4 ట్యాగులు, 4 వంతులు. ఒక్కో ట్యాగ్ ఇష్టమొచ్చిన వంతు ఎంచుకుంటది, కాబట్టి మొత్తం 256 రకాలుగ జరగొచ్చు, అండ్ల నలుగురికీ నాలుగు వేరు వేరు వంతులు పడేవి 24 మాత్రమే. అంటే మొదటి రౌండ్లనే నాలుగూ దొరికే ఛాన్స్ 10 శాతం కూడా లేదు, సగటున రెండు కూడా దొరకయ్. కానీ రీడర్ ఊకోదు, దొరికినోటిని పక్కకు పెట్టి మిగిలినోటిని మళ్ల అడుగుతది, గుద్దుకున్నవి ఎక్కువైతే వంతులు పెంచుతది, ఇదంతా సెకనుల చిన్న ముక్కల అయిపోతది. ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోవాలె. "చదవలే" అన్నదానికి అర్థం "లేదు" అని కాదు. ఈసారికి దొరకలే అని కూడా కావొచ్చు. ఈ తేడా తెల్వకుంట రాసిన సాఫ్ట్‌వేర్ ఉన్న మనిషిని లేడంటది, లేని బస్తాను ఉన్నదంటది.

## పైసలు ట్యాగ్‌ల ఉండవు

2022ల ఒక వీడియో మస్తు తిరిగింది, సిగ్నల్ కాడ కారద్దం తుడిచే పిలగాడు చేతి గడియారంతోని ఫాస్టాగ్ స్కాన్ చేసి పైసలు గుంజుతున్నడని. అది అబద్ధమని ఫాస్టాగ్ వెనక లెక్కలు నడిపే ఎన్‌పీసీఐ అప్పుడే చెప్పింది. ఎందుకు కుదరదంటే, ట్యాగ్‌ల ఉండేది నంబర్, పైసలు బ్యాంకుల ఉంటయ్. ఆ నంబర్ పట్టుకొని పైసలడిగే హక్కు రిజిస్టర్ అయిన టోల్ ప్లాజాలు, పార్కింగ్ అసొంటి వ్యాపారులకే ఉంటది, మనిషి నుంచి మనిషికి పోయే దారే ఆ సిస్టమ్‌ల లేదు. మీ ఇంటి నంబర్ చదివినోడు మీ బీరువా తెరవలేడు కద.

## మరి ఆ రోజు గేటు ఎందుకు లేవలే

రీడర్ ట్యాగ్ నంబర్ చదువుతది. టోల్ ప్లాజా కంప్యూటర్ ఆ నంబర్ మంచిగుందా, బ్లాక్‌లిస్ట్‌ల ఉందా చూస్తది. బాగుంటే గేటు లేస్తది, లెక్క ప్లాజా బ్యాంకుకు, అక్కడికెల్లి ఎన్‌పీసీఐకి, అక్కడికెల్లి మన బ్యాంకుకు పోతది. కిటుకంతా ఆ "చూస్తది" అన్న మాటల ఉంది. ఎక్కడ చూస్తది?

ప్లాజా సాఫ్ట్‌వేర్, బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఏ భాషల మాట్లాడుకోవాలెనో చెప్పే ఒప్పందం ఒకటి ఉంటది, ఐసీడీ అంటరు. 2025 ఫిబ్రవరిల జాతీయ రహదారుల సంస్థ ఇచ్చిన వివరణ ప్రకారం, నేషనల్ హైవే ప్లాజాలన్నీ ఐసీడీ 2.5 మీద నడుస్తున్నయ్, అవి ట్యాగ్ సంగతి అప్పటికప్పుడు అడిగి తెలుసుకుంటయ్. కొన్ని రాష్ట్ర రహదారి ప్లాజాలు అప్పటికింకా 2.4 మీదనే ఉన్నయ్, వాటికి బ్లాక్‌లిస్ట్ జాబితా మధ్య మధ్యల పంపుతరు, ఆ జాబితా నకలు దగ్గర పెట్టుకొని చూసుకుంటయ్. నేను రీఛార్జ్ చేసింది చాయ్ తాగెటప్పుడు, గేటు కాడ చూసిన జాబితా అంతకన్నా ముందటిది, నాకు అర్థమైనకాడికి జరిగింది గిదే. నా ఫోన్ల ఉన్నదీ నిజమే, వాళ్ల తెర మీదిదీ నిజమే, పాత నిజం.

ఆ వివరణ ఎందుకు ఇయ్యాల్సొచ్చిందంటే, 2025 ఫిబ్రవరి 17 నుంచి ఒక కొత్త నియమం పెట్టిన్రు. ట్యాగ్ చదివే టైంకి 60 నిమిషాల కన్నా ముందటి నుంచి బ్లాక్‌లిస్ట్‌ల ఉండి, చదివినంక 10 నిమిషాల దాక కూడా అట్లనే ఉంటే ఆ టోల్ లెక్కను 176 అనే కోడ్‌తోని తిప్పి పంపుతరు. వాట్సాప్‌ల ఇది "గంట ముందు రీఛార్జ్ చెయ్యకపోతే ఫైన్" అని తిరిగింది. సంస్థ చెప్పింది వేరే, ఆ నియమం రెండు బ్యాంకుల మధ్య ఎవరి లెక్క ఎవరు ఒప్పుకోవాలె అన్న పంచాయితీ తేల్చనీకి, ప్లాజా దాటే ముందు ఎప్పుడైనా రీఛార్జ్ చేసుకోవచ్చని. నియమం ఒకటే, కానీ 2.4 ప్లాజా కాడ నిలబడ్డ మనిషికి వాట్సాప్ మాటే నిజమనిపిస్తది, దానికి ఆ మనిషిని తప్పు పట్టలేం.

యాన్యువల్ పాస్ గొడవ కూడా ఇసొంటిదే. 2025 ఆగస్టు 15న వచ్చినప్పుడు 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు, లేదా ఏడాది, ఏది ముందైతే అది. హన్మకొండ నుంచి హైదరాబాద్ పోతే కోమళ్ల కాడ ఒకటి, బీబీనగర్ దిక్కు ఒకటి, పోయిరావడానికి 4 ట్రిప్పులు, అంటే 50 సార్లు తిరగొచ్చు. అదే మనిషి హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ పోతే మామూలుగనే పైసలు కట్ అయితయ్, ఎందుకంటే పాస్ నేషనల్ హైవేలకే, అది రాష్ట్ర రహదారి. అద్దం మీద స్టిక్కర్ అదే, చిప్ అదే, మారింది వెనక సాఫ్ట్‌వేర్ల రాసిన నియమం.

ట్యాగ్, రీడర్, సాఫ్ట్‌వేర్, నియమాలు, దాన్ని నడిపే మనుషులు, అన్నీ కలిపి ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అంటరు. దీని మీద పెద్ద చదువే ఉంది, యూనివర్సిటీలల్ల డిపార్ట్‌మెంట్లే ఉన్నయ్, వాళ్లు ఎక్కువగ అడిగే ప్రశ్న ఒకటి: కొత్తది వచ్చినప్పుడు జనం ఎందుకు తీసుకుంటరు, ఎందుకు తీసుకోరు?

## ఇత్తనాల కాడ మొదలైన ప్రశ్న

ఈ చదువు కంప్యూటర్ల కాడ పుట్టలే, పొలం కాడ పుట్టింది. అమెరికాల అయోవా రాష్ట్రంల రైతులు హైబ్రిడ్ మక్క ఇత్తనం ఎట్ల అలవాటు చేసుకున్నరని రయన్, గ్రాస్ అనే ఇద్దరు 1943ల రాసిన్రు. 259 మంది రైతుల్ల ఇద్దరు తప్ప అందరు 1928, 1941 నడుమ మారిన్రు, కానీ మొదట కొందరే, తర్వాత వాళ్లను చూసి గుంపులు గుంపులుగ. దాని మీదనే ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకుడు 1962ల పెద్ద సిద్ధాంతం కట్టిండు. పాతదానికన్నా లాభం కనపడాలె, మన అలవాట్లకు సరిపోవాలె, మరీ కష్టముండొద్దు, కొంచెం వాడి చూసే వీలుండాలె, ఫలితం పక్కోడికి కనపడాలె, ఇవి ఉంటే తొందరగ పాకుతదన్నడు.

1989ల ఫ్రెడ్ డేవిస్ కంప్యూటర్ల కోసం దీన్ని రెండు ప్రశ్నలకు కుదించిండు. నా పనికి పనికొస్తదా? వాడనీకి అల్కగ ఉంటదా? రెండిట్ల మొదటిదే బలమైందని ఆయనకు తేలింది, పనికొస్తదంటే మనిషి కొంత కష్టమైనా ఓర్చుకుంటడు. 2003ల వెంకటేశ్ అనే పరిశోధకుడు, ఇంకో ముగ్గురు కలిసి మరో రెండు కలిపిన్రు, చుట్టుపక్కలోళ్ల మాట, వాడనీకి కావల్సిన సౌలత్. కంపెనీలకైతే 1990 నాటి ఇంకో చట్రం వాడుతరు, టెక్నాలజీ ఎట్లుంది, సంస్థ ఎట్లుంది, బయటి ఒత్తిడి ఎట్లుంది అని మూడు దిక్కులకెల్లి చూస్తది. ఆర్‌ఎఫ్‌ఐడి మీద వచ్చిన పరిశోధనలల్ల శానవరకు ఈ చట్రాలతోనే నడిచినయ్.

వీటి మీద విమర్శ కూడా గట్టిగనే ఉంది. ఎక్కువ పరిశోధనలు ప్రశ్నాపత్రం పంచి "వాడాలనుకుంటున్నరా" అని అడిగి, ఆ జవాబునే కొలుస్తయ్. అనుకునుడు వేరు, వాడుడు వేరు. రిచర్డ్ బగోజి అనే ఇంకో పరిశోధకుడు 2007ల ఇదే అన్నడు, ఈ సులువైన మోడల్ పట్టుకొని అందరు అక్కడక్కడనే తిరుగుతున్నరని. సులువుగ ఉండబట్టే వందల జాగల పరీక్షించి పోల్చగలిగినం అనేది అటువైపు మాట, అదీ కాదనలేం. ఇంకొకటి, తప్పనిసరి చేసినప్పుడు లెక్క మారుతది. వెంకటేశ్, డేవిస్ 2000ల చూపించింది గదే, ఇష్టముంటేనే వాడేకాడ పక్కోళ్ల మాట వాడాలన్న ఉద్దేశాన్ని నేరుగ కదిలించలే, తప్పనిసరి అయిన కాడ కదిలించింది. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరిల తప్పనిసరి అయింది, అది లేకపోతే రెండింతలు కట్టాలని అప్పుడు నియమం పెట్టిన్రు. కాబట్టి ఎంతమంది అద్దానికి అతికించుకున్నరో చూసి జనానికి నచ్చిందనీ చెప్పలేం, నచ్చలేదనీ చెప్పలేం.

ఈ సంగతి వరంగల్‌కు కొత్త కాదు. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవ శాస్త్రవేత్త మన జిల్లా పత్తి ఊర్లల్ల ఏండ్లకేండ్లు తిరిగి 2007ల ఒక పరిశోధన అచ్చేసిండు. ఒక ఊర్ల ఒక ఏడాది అందరు ఒకటే బ్రాండ్ ఇత్తనం మీద పడుతరు, రెండేండ్లకు అది మాయమై ఇంకోటి వస్తది, పక్క ఊర్ల ఇంకో బ్రాండ్. ఎందుకేసినవంటే పక్కోడు ఏసిండని. రైతు తన చెలకల చూసి నేర్చుకునుడు తెగిపోయి, ఒకరిని చూసి ఒకరు చేసుడే మిగిలిందని ఆయన వాదన, కాబట్టి బీటీ పత్తి తొందరగ పాకిందన్నది అది మంచిదనడానికి రుజువు కాదన్నడు. దీనికి ఎదురు వాదన ఉంది. 2012ల కథాగె, ఖైమ్ అనే ఇద్దరు నాలుగు రాష్ట్రాల రైతుల లెక్కలు ఏండ్ల వారీగ తీసి, బీటీతోని ఎకరం దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగిందని చూపిన్రు. రెండూ ఒకేసారి నిజం కావొచ్చని నాకనిపిస్తది. ఒకటి మనుషులు ఎట్ల ఎంచుకుంటరో చెప్తది, ఇంకోటి సగటున ఏం వచ్చిందో చెప్తది. ఆర్‌ఎఫ్‌ఐడి గురించి "ఇన్ని కాలేజీలు పెట్టినయ్" అన్న మాట ఇన్నప్పుడల్లా నాకు ఈ పత్తి లెక్కే యాదికొస్తది.

## ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది

ప్రపంచంల ఆర్‌ఎఫ్‌ఐడి గురించి అందరు చదివే కథ వాల్‌మార్ట్‌ది. అమెరికాల పెద్ద పెద్ద స్టోర్లు నడిపే ఆ కంపెనీ 2003 జూన్‌ల తన పెద్ద సప్లయర్లు 100 మందికి చెప్పింది, 2005 జనవరి కల్లా పెట్టెలకు, ప్యాలెట్లకు (పెట్టెలు పేర్చే బల్లలకు) ట్యాగులు వేసి పంపాలని. 2005ల ఆర్కన్సా యూనివర్సిటీ వాళ్లు ట్యాగులు వాడే 12 స్టోర్లను, వాడని 12 స్టోర్లతోని పోల్చి చూస్తే, అల్మారల సరుకు అయిపోయి ఖాళీగ ఉండుడు 16 శాతం తగ్గింది. మంచి ఫలితమే. మరి ఎందుకు ఆశించినంత పాకలే?

లాభం స్టోర్‌ది, ట్యాగ్ ఖర్చు సప్లయర్‌ది. అందుకని చానామంది సప్లయర్లు తమ పనిల ఏం మార్చకుంట, లారీ ఎక్కించే ముందు ట్యాగ్ అతికించి పంపిన్రు. అతికించేది చివర్ల అయితే తన గోదాంల, తన లెక్కల దాని లాభం సప్లయర్‌కు పైసంత రాదు, ఖర్చు మాత్రం పూర్తిగ వస్తది. కొన్నేండ్లకు ఆ ఒత్తిడి సల్లబడ్డది. 2010ల వాల్‌మార్ట్ మళ్ల మొదలుపెట్టింది, ఈసారి పెట్టెలకు కాదు, ఒక్కో జీన్స్ ప్యాంటుకు. బట్టల్ల నీళ్లు, ఇనుము లేవు, సైజులు రంగులు మస్తు, కావల్సిన సైజు అల్మారల లేకపోతే గిరాకీ పోతది. బట్టలమ్మే జారా కంపెనీ ఇంకో తెలివి చేసింది, దొంగతనం కాకుంట తగిలించే ప్లాస్టిక్ బిళ్లలనే చిప్ పెట్టింది, కౌంటర్ కాడ బిళ్ల తీస్తరు కాబట్టి అదే మళ్ల మళ్ల వాడుకోవచ్చు. చిప్ ధర తగ్గేదాక ఆగకుంట, వాడే పద్ధతి మార్చి ఖర్చు తగ్గించుకున్నది.

2017 అక్టోబర్‌ల శంకుస్థాపన అయిన మన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు దిక్కు, గీసుగొండ, సంగెం మండలాల కాడ కుట్టిన బట్ట అసొంటి బ్రాండ్లకు పోవాలంటే ట్యాగ్ ఇక్కడనే కుట్టాల్సి వస్తది. అప్పుడు వాల్‌మార్ట్ సప్లయర్ ప్రశ్నే మనది అయితది, ఊకె అతికించి పంపాల్నా, ఆ ట్యాగ్‌ను కుట్టు లైన్ల మొదటి నుంచే లెక్కకు వాడుకోవాల్నా.

## ఎనుమాముల యార్డుల పెడితే, ఒక లెక్క

ఇది జరిగింది కాదు, ఊహ, అంకెలు కూడా లెక్క కోసం అనుకున్నయే. ఒక రైతు వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు 30 బస్తాల మిర్చి తెచ్చిండు. బస్తాకు 10 రూపాయల ట్యాగ్ అంటే 300. పొద్దుగాల జెండా పాట (ఆ రోజు మొదటి వేలం), తర్వాత లాటు లాటుకు ధర, దడ్వాయి (తూకం వేసేటోడు) కాంటా పెడ్తడు, తక్‌పట్టీ (లెక్క చీటీ) రాస్తరు, అడ్తి (కమిషన్ ఏజెంటు) కాడ పైసలు. రైతు బస్తా యార్డుల ఉండేది ఒక్క దినం. ఆ ఒక్క దినంల ట్యాగ్ ఆయనకు కొత్తగ ఏమిస్తది? తూకం ఎవరి బస్తాదో తారుమారు కాకుంట కొంత కాపాడొచ్చు, కాంటా నేరుగ కంప్యూటర్‌కు కలిపితే. లేకపోతే రాత రాతే, ట్యాగ్ ట్యాగే. ధర పెరగదు.

అదే బస్తా కోల్డ్ స్టోరేజీకి పోతే నెలలకు నెలలు ఉంటది. వేల బస్తాల నడుమ ఎవరిది ఎక్కడుందో, ఎప్పుడొచ్చిందో వెతకాలె. లాభం అక్కడుంది, కాబట్టి ట్యాగ్ పెట్టాల్సింది, పైసలు పెట్టాల్సింది కోల్డ్ స్టోరేజీ వాళ్లు అని నా అభిప్రాయం, గేటు కాడ రైతు కాదు.

ఇగ చేతికి తగిలే కష్టాలు చూడండ్రి. హమాలీ బస్తా లేపేది ఇనుప కొక్కెంతోని. కొక్కెం గుచ్చే జాగల ట్యాగ్ ఉంటే తీగ తెగుతది, అందుకని మూతి కుట్టు కాడ పెట్టాలె. మిర్చి ఎండుదే అయినా ఎంతో కొంత తడి ఉంటది, వానకు తడిస్తే ఇంకా. నెట్టు మీద నెట్టు పెడితే నడుమల బస్తాలు బయటి నుంచి ఇనబడవు. కాబట్టి నెట్టు పెట్టినంక చదివే ఆలోచన పనికిరాదు, తలుపు దాటేటప్పుడే, హమాలీ భుజం మీద ఉన్నప్పుడే చదవాలె. ఈ సంగతి ఏ ప్రశ్నాపత్రంల రాదు, ఒక పూట యార్డుల నిలబడితే తెలుస్తది.

## సాఫ్ట్‌వేర్ ముందే మొత్తం రాయాల్నా, రాసుకుంట మార్చాల్నా

మా బావ ఒక ఇంజినీరింగ్ కాలేజీల లైబ్రేరియన్. అక్కడ ఆర్‌ఎఫ్‌ఐడి పెట్టిన్రు, పిల్లలు తమంతట తామే పుస్తకం తీసుకునే మిషన్ కూడా. నేను పోయినప్పుడు దాని మీద దుప్పటి కప్పి ఉంది. ఏమైందంటే, మిషన్ అమ్మినోళ్లు వేరు, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వేరు. పిలగాడు పొద్దున పుస్తకం వాపస్ ఇస్తే మిషన్‌కు తెలుసు, లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రాత్రి లెక్కలు కలిపినంకనే తెలుస్తది. మధ్యాహ్నం కౌంటర్‌కు పోతే "నీ పేరు మీద పుస్తకముంది, ఫైన్ కట్టు" అంటది. టోల్ కాడి పాత నకలే, ఇక్కడ కూడా. రెండు వారాలు పిల్లలతోని మాటలు పడ్డ అటెండర్ కాక దుప్పటి కప్పిండు. నాకు ఆయన చేసింది సబబే అనిపించింది.

బావ ఇంకో మాట అన్నడు. "ఒక పిలగాడు తీసుకునేది రెండు పుస్తకాలు, బార్‌కోడ్‌తోని ఎంతసేపు పడ్తది? నాకు తిప్పలు ఏడాదికోసారి స్టాక్ లెక్కపెట్టుడు, వేల పుస్తకాలు దించి ఎక్కిచ్చుడు. దానికి చేతి రీడర్ ఒక్కటి ఇస్తే చాలు, టెండర్ల అది రాయలే." నిజమే, అల్మార ముందట రీడర్ ఊపుకుంట నడిస్తే పుస్తకం కదిలియ్యకుంట లెక్క వస్తది, ఆర్‌ఎఫ్‌ఐడికి అసలు బలమున్న పని అదే.

ఇట్ల ఎందుకైతది అంటే సాఫ్ట్‌వేర్ చేసే పద్ధతుల కాడికి రావాలె. ముందే అవసరాలన్నీ రాసి, తర్వాత డిజైన్, తర్వాత కోడ్, చివర్ల టెస్టింగ్, ఇట్ల మెట్టు మెట్టు దిగేదాన్ని వాటర్‌ఫాల్ అంటరు. 1970ల విన్‌స్టన్ రాయిస్ అనే ఇంజినీర్ రాసిన పేపర్ల ఈ బొమ్మ ఉంది, ఆయన మాత్రం ఇట్ల ఒక్కసారే చేస్తే ప్రమాదమని అదే పేపర్ల రాసిండు, జనం బొమ్మ తీసుకొని మాట విడిచిపెట్టిన్రు. 2001 ఫిబ్రవరిల అమెరికాల యూటా రాష్ట్రంల 17 మంది కూసొని ఎజైల్ ప్రకటన రాసిన్రు: చిన్న ముక్క చెయ్యి, వాడేటోడికి చూపియ్యి, మార్చు, మళ్ల చెయ్యి.

ఎజైల్ గొప్పదని ఊకె నమ్మొద్దు, రుజువులు కలగలుపుగ ఉన్నయ్. ఎజైల్‌తోని వచ్చిన పద్ధతులల్ల ఒకటి, ముందు టెస్టు రాసి తర్వాత కోడ్ రాసుడు, దాన్ని మైక్రోసాఫ్ట్, ఐబీఎం టీముల మీద చూసి 2008ల అచ్చేసిన్రు, తప్పులు 40 నుంచి 90 శాతం తగ్గినయ్, మొదట్ల పట్టే టైం 15 నుంచి 35 శాతం పెరిగింది. తర్వాత వేరే జాగల చేసిన కొన్ని ప్రయోగాలల్ల పెద్ద తేడా కనపడలే. టీము ఏంది, పని ఏంది అన్నదాన్ని బట్టి మారుతున్నది.

టెండర్ వైపు వాదన కూడా ఇనాలె. అది ప్రజల పైసలు, లేదా ట్రస్టు పైసలు. ఏం కొంటున్నమో ముందే రాయకపోతే ఎవరు అగ్గువకు ఇచ్చిన్రో ఎట్ల పోలుస్తరు, రేపు ఆడిట్ వాళ్లడిగితే ఏం చూపిస్తరు? "చేసుకుంట పోదాం, తర్వాత చూద్దాం" అన్న మాట కాంట్రాక్టర్‌కు తలుపు తెరిచినట్టు. నేను ఈ వాదనను తీసేయను. కానీ టెండర్‌కు ముందు ఒక్క నెల, ఒక్క అల్మారకు, యాభై ట్యాగులతోని చేసి చూస్తే, బావ చెప్పిన మాట టెండర్ కాయితంల పడెటిది. వాడి చూసే వీలుండాలె అని రోజర్స్ 1962ల అన్నది గదే కద.

## బడి పిల్లల మెడల ట్యాగ్

చివరిగ, నాకు అన్నిటికన్నా దగ్గరిది. మా చెల్లె బిడ్డ చదివే బడిల ఐడీ కార్డుల ట్యాగ్ పెట్టిన్రు, గేటు దాటితే తల్లికి మెసేజ్ వస్తది. ఉద్యోగం చేసే తల్లికి అదెంత నిమ్మళమో నేను చూసిన, మెసేజ్ రాంగనే చెల్లె మొఖంల తెలుస్తది. అమర్‌నాథ్ యాత్రల కూడా 2022 నుంచి యాత్రికుల మెడల ఇసొంటి కార్డు తప్పనిసరి, కొండల మీద మనిషి ఏ దిక్కున్నడో తెలియాలని. భద్రత కోసం అడిగేటోళ్ల మాట ఉత్తది కాదు.

ఇంకో దిక్కు చూస్తే, ఇసొంటి సాదా ట్యాగ్ ఎవరు అడిగినా తన నంబర్ చెప్పేస్తది, రీడర్ ఎవరిదైనా. అమెరికాల టెక్సస్‌ల ఒక బడి జిల్లా 2012ల పిల్లలకు ఇసొంటి కార్డులు పెడితే కొందరు ఒప్పుకోక కోర్టు దాక పోయిన్రు, 2013ల ఆ కార్డులు తీసేసిన్రు. మన దగ్గర 2023 నాటి డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారానికి మామూలుగ తల్లిదండ్రుల అనుమతి కావాలంటది, పిల్లల భద్రత కోసం బడులు చేసేదానికి కొంత మినహాయింపు ఉన్నా. అనుమతి కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు ఈ లెక్కలు ఎన్నేండ్లు దాస్తరు, ఎవరు చూస్తరు అని అడిగినోళ్లను మా బడిల నేనైతే చూడలే, మా చెల్లె కూడా అడగలే.

ఒకరోజు మెసేజ్ వచ్చింది, "మీ పాప బడికి చేరింది" అని. పాప జరంతోని ఇంట్లనే పండుకొని ఉంది. కార్డు దోస్తు బ్యాగుల మర్చిపోయింది, బ్యాగు గేటు దాటింది. చెల్లె పోయి అడిగితే హెడ్‌మిస్ట్రెస్ మేడం ఓపికగ ఇని, సాఫ్ట్‌వేర్ ఆయన్ను పిలిచి ఒక మార్పు చేయించింది. ఇప్పుడు గేటు చదివినంక మెసేజ్ వెంటనే పోదు. క్లాస్ టీచర్ పొద్దున హాజరు వేసినంక రెండు జాబితాలు పక్కపక్కన పెడ్తరు, కలిసినోళ్లకే మెసేజ్ పోతది, కలవనోళ్ల ఇంటికి ఆఫీసు నుంచి ఫోన్ చేస్తరు. మెసేజ్ అరగంట లేటుగ వస్తది. కొత్త ట్యాగ్ ఒక్కటి కొనలే.